ప్లస్సు కమ్మి

రేణిగుంట రోడ్డులో, రైలుకట్ట కింద
మా పూత షెడ్డు ఉన్నింది.
ఇప్పుడు రేకుల్లేవు.
సిమెంటు తొట్టి గుర్తు మాత్రం
నేల మీద నలుచదరంగా ఉండాది.

ముప్పై ఏండ్లు ఇత్తడి లాకెట్లు
మైనస్సు తీగకు వేలాడగట్టి
క్రోమియం నీళ్ళల్లో ముంచినోణ్ణి నేను.
కొండకు పొయ్యేవాళ్ళు కొనుక్కుంటారు,
తళతళా ఉండాల, అంతే.
పైకి తీసేటప్పుడు ఒక బొట్టు కారేది.
తుడిచేవాళ్ళం కాదు.
నేల తాగేస్తాదిలే అనుకుంటిమి.

చెంగమ్మ బోరులో నీళ్ళు పసుప్పచ్చగా వచ్చినాక
షెడ్డుకు సీలు పడింది.
ఓనరు యాడికి పొయినాడో తెలీదు.
నా ముక్కుదూలానికి బొక్క పడిందని
డాక్టరు టార్చి వేసి, అద్దంలో నాకే చూపించినాడు.

ఇప్పుడు మదనపల్లె పిల్ల ఫర్హానా వచ్చింది.
భుజాన యూనివర్సిటీ సంచి, మోకాళ్ళ దాకా బురద.
పెన్సిలు ముల్లు మాదిరి నల్లటి కమ్ములు
రెండు వరసలుగా దింపింది.
"దొరసామన్నా, మన్ను ఆరకూడదు,
బిందెతో పోస్తా ఉండు" అనింది.
మీట నొక్కింది.

ఏమీ కాలేదు.
పొగ లేదు, మెరుపు లేదు,
చీమ కూడా దోవ మార్చుకోలేదు.

దినానికి వేలెడు మందం నడుస్తాదంట విషం,
ప్లస్సు వైపుకు.
కరెంటు పోతే ఉన్నచోటనే నిలబడుకుంటాది,
కండక్టరు రైటనని బస్సు మాదిరి.

పదిహేడో దినం
ప్లస్సు కమ్మి కాడ గుంతలో నీళ్ళు రంగు తిరిగినాయి.
ఆ పసుపు నాకు తెలుసు.
చొక్కాల మీద, గోళ్ళ కింద,
నా పెండ్లాము ఎంత ఉతికినా పోని దిండు గలేబు మీద
చూసిన పసుపే.
ఒక బొట్టు కూడా యాడికీ పోలేదన్న మాట.
మన్ను నా లెక్కంతా రాసి పెట్టుకోనుండాది.

డ్రమ్ములోకి తోడతా నవ్వులాటకు అన్నా:
"ఇంకా రెండు నూర్ల లాకెట్లకు సరిపోతాది పాపా."
ఆ పిల్ల నవ్వలేదు. పుస్తకంలో ఏందో రాసుకునింది.
"ఈ డ్రమ్ము యాడికి పోతాది?"
"దూరంగా" అనింది.
దూరంలో ఎవురుంటారో
నేను అడగలేదు.

రాత్రి కావిలి నేనొక్కణ్ణే.
మీటరు ముల్లు మొన్నటికంటే కిందికి దిగుండాది.
చెడిపోయిందని బయపడి ఫోను చేస్తే
"చెడిపోలేదన్నా, మోసేదానికి ఉప్పు తగ్గితే
కరెంటు కూడా తగ్గుతాది" అనింది నిద్ర గొంతుతో.

బిందె ఎత్తుకున్నా.
కమ్ముల కాడ కాదు,
తొట్టి గుర్తు పక్కన,
చెప్పులు విడిచి నేను నిలబడుకుంటా ఉన్న తావులో
రోజూ కంటే
కొంచెం ఎక్కువే పోసినా.