లీటరుకు ఎంత గాలి

డబ్బా మూత పక్కన రెండు అంకెలు, నడుమ చిన్న గీత.
మొదటిది ఊపిరికి. రెండోది చర్మానికి.
కొనేవాళ్లు దాన్ని ధర అనుకోరు, తేదీ అనుకోరు,
చాలామంది అసలేమీ అనుకోరు.
ఆ అంకెలు వేసేది నేను.

స్వెన్‌బోర్గ్ రేవులో, ఒకప్పటి తాళ్ల గోదాం పై అంతస్తు.
కిటికీ అవతల తెరచాప కొయ్యలకు తాళ్లు కొట్టుకుని
రోజంతా టకటకమంటాయి.
నా పనికి కూడా కావలసింది గాలే.

లెక్క బ్రహ్మవిద్యేం కాదు.
లీటరు రంగు ఆరుతూ ఆరుతూ వదిలే ఆవిరిని
ఏ మనిషికీ తగలనంత పలచన చెయ్యాలంటే
ఎంత గాలిని పిలవాలి?
గోడలకేసే నీళ్ల రంగుకి బీరువా నిండా గాలి చాలు.
ఓడ అడుగుకేసే రంగుకి
నికొలాయ్ చర్చి మొత్తం కావాలి,
గంటల గోపురంతో సహా,
తలుపులు బార్లా తీసి.

రెండో అంకె దగ్గర ఇంత గాలి అక్కర్లేదు.
తగిలితే మంట, లేదా పొక్కు,
లేదా ఏళ్ల తరవాత ఒక పొద్దున
గ్లవుజు తొడుక్కున్నా సరే మోచేతి దాకా దురద.
చర్మం ఒకసారి పగబడితే మరిచిపోదు.
మరిచిపోయేది బుర్ర.

మంగళవారం కంపెనీ తరఫున క్వోర్నింగ్ గారొచ్చారు,
దాల్చినచెక్క రొట్టె పట్టుకుని.
"మూడు పాయింట్ ఐదు ఎనిమిది," అన్నారు, "మూడే కదా, సోల్వై?
నాలుగంటే ముసుగుకి గాలి గొట్టం, గొట్టానికి కంప్రెసరు,
కంప్రెసరుకో కాపలా మనిషి.
ఓడలవాళ్లు ఇంకో దేశం చూసుకుంటారు."
ఆయన చెడ్డ మనిషి కాదు. గోళ్ల చుట్టూ పాత మచ్చలున్నాయి,
తనూ ఒకప్పుడు రంగులు కలిపినవాడే.
కానీ దశాంశ బిందువు చిన్న కన్నం.
అందులోంచి ఎంతమంది జారిపోగలరో నాకు తెలుసు.

ఆరేళ్ల కిందట ఒక వార్నిష్‌కి నేనే కిందికి సవరించాను.
శుక్రవారం సాయంత్రం. రైలు టైమైపోతోంది.
ఇప్పటికీ అది దుకాణాల్లో కింది అరలో ఉంటుంది, నా అంకెతో.
కనిపిస్తే లేబుల్ని గోడవైపు తిప్పి వచ్చేస్తాను.
అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

మా మెట్ల పక్క వాటాలో ఎస్కిల్ ఉంటాడు.
ఇరవై రెండేళ్లు ఓడల కడుపుల్లో దూరి రంగు వేశాడు.
అప్పుడు డబ్బాల మీద అంకెల్లేవు,
పైపు నోట్లో పెట్టుకుని నవ్వే నావికుడి బొమ్మ ఉండేది.
మధ్యాహ్నం అయ్యేసరికి తాగకుండానే మత్తు.
యజమాని పోయించే ఉచిత సారా అని నవ్వుకునేవాళ్లట.
ఆ ముచ్చట వారానికి మూడుసార్లు చెబుతాడు.
ఈమధ్య చివరి మాట దగ్గర ఆగి
నా మొహంలో వెతుకుతాడు.
అందిస్తాను. పగలబడి నవ్వుతాడు, మొదటిసారి విన్నట్టు.
మణికట్టు మీద బాల్‌పెన్నుతో మా గుమ్మం నంబరు,
స్నానానికి చెరిగిపోతే కోడలు మళ్లీ రాస్తుంది.

నిన్న మెట్ల మీద ఎదురుపడి, నా కోటు వాసన చూసి
ఠక్కున అన్నాడు:
"జైలీన్. కొంచెం బ్యూటనాల్. ఎర్ర రంగే, అడుగుకేసేది."
ఒక్కటీ తప్పలేదు.
కోడలి పేరు అడిగితే
కిటికీవైపు చూశాడు.

చేతులు కాలకముందే ఆకులు అందించే కొలువు నాది.
జీతం అందుకే ఇస్తారు.

ఇవాళ ఫారంలో నాలుగు వేశాను.
గీత. మూడు.
క్వోర్నింగ్ గారి రొట్టె సగం ఇంకా సొరుగులోనే ఉంది, రాయిలా.
వ్యాఖ్యలు అన్న గడి ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తుంటాను.
ఇంకో ఫారం తీసి, ఆ వార్నిష్ పేరు రాసి,
ఆ గడిలో రెండు ముక్కలు పెట్టాను:
మళ్లీ లెక్కించాలి. పొరపాటు నాది.

సంతకం చేశాక కిటికీ తీశాను.
గాలి ఎంత జోరుగా వచ్చిందంటే
కాగితం ఎగిరిపోకుండా
దాని మీద డబ్బా పెట్టాల్సొచ్చింది.