సెంట్రింగు ఖాతా

సుగంధ నా కిరాయి ఖాతాను తిరగేసి
వెనక అట్ట దిక్కు నుంచి గీతలు గీసింది.
నాలుగు గళ్లు:
ఫీజు, హాస్టలు, ఏండ్లు, వచ్చే జీతం.
సిరొంచల ఆ మధ్యాహ్నం కరెంటు లేదు.
రేకులకు అంటిన సిమెంటు పొట్టును
సుత్తితో రాలగొడుతూ వింటున్న నేను.

చంద్రపూర్‌ల ప్రైవేటు డిగ్రీ: నాలుగేండ్లకు నాలుగు లక్షలు,
మెస్సు వేరే.
గడ్చిరోలిల సర్కారు డిప్లొమా: మూడేండ్లు,
ముప్పై వేలు దాటదట, బస్సు ఛార్జీలే ఎక్కువట.
ఏరు దాటి మంచిర్యాల దిక్కు పోతే
మన మాటే, మన కూరే,
కాగితం మీద మాత్రం పరాయోళ్లం.
స్కాలర్‌షిప్పు వంతెనకు ఇవతలే దిగిపోతది.

"నాలుగు లక్షలంటే ఎంత, అత్తా?"

నాకు పైసలు పైసల లెక్కన అర్థం కావు.
రేకుకు రోజుకు రెండు రూపాయలు,
నా దగ్గర మూడు వందల రేకులు.
అన్నీ బయటే ఉండాలె, ఒక్కటీ వంగొద్దు,
ఏ మేస్త్రీ బాకీ ఎగ్గొట్టొద్దు,
ఆరువందల అరవై ఏడు రోజులు
వాన పడొద్దు.
ప్రాణహిత గోదారిల కలిసే చోట కూసొని
వాన పడొద్దని ఏ నోటితో మొక్కుత?

జీతం గడి దగ్గర పెన్ను ఆగింది.
రాయి, అన్న.
పోశెట్టి మేస్త్రీ, ఐదో తరగతి:
దినానికి తొమ్మిది వందలు, పని ఉన్న దినం.
డిగ్రీ చేసొచ్చిన బోరకర్ పిల్లగాడు:
నెలకు పదమూడు వేలు,
గొడుగు పట్టుకొని ఇసుక ట్రిప్పులు లెక్కపెడతడు.
దాని తండ్రి, నా తమ్ముడు, గుమ్మంల నిలబడి
"గట్లయితే తాపీ పట్టుమను" అని నవ్విండు.
పిల్ల నవ్వలే.
పోశెట్టికి యాభై నిండలే, మోకాళ్లు పోయి మెట్లెక్కలేడు.
దానికి మేం గడి గీయలే.

"గిదేంది?"
పాత పేజీల వేలు పెట్టింది.
అంగన్‌వాడీ స్లాబు, రేకులు నూట ఎనభై.
ఏడో రోజున విప్పుతమని కాంట్రాక్టరు రాత,
దాని మీద అడ్డంగ కొట్టేసిన గీత,
కింద ఎర్ర పెన్నుతో: పద్నాలుగు. మడావి.

జూనియర్ ఇంజనీరు. బక్క మనిషి.
చెప్పులనిండ మట్టి.
కాంట్రాక్టరు అరిచిండు, ఎవరో పెద్దాయన ఫోను చేసిండు.
ఈయన టిఫిను డబ్బా తెచ్చుకొని
పొద్దంత ఆ ముట్టుకర్రల కిందనే కూసున్నడు.
నెల తిరగకముందే ఏటాపల్లికి బదిలీ.
ఆ స్లాబు కింద పిల్లలు పప్పన్నం తింటరు ఇప్పటికీ,
నాలుగు వానకాలాలకు చుక్క దిగలే.
మీది ఏడు రోజుల కిరాయి నాకొచ్చింది,
రెండు వేల ఐదు వందల ఇరవై.
నాకు లాభమే కదా అనుకొని మరిచిపోయిన.

సుగంధ నాలుగు గళ్ల దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.
"ఆ సారుది ఏ కాలేజీ?"

అడగలే నేను.
డిగ్రీనో డిప్లొమానో, జీతమెంతో,
ఇంత కిరాయి రాసుకున్నదాన్ని, ఆ ఒక్కటీ అడగలే.
అట్ట మీద బొగ్గుతో గీకిన నంబరుంది,
చివరి అంకె మూడో ఎనిమిదో.
మూడు కొట్టింది. ఎవరో ముసలామె గోండిల తిట్టి పెట్టేసింది.
ఎనిమిది కొట్టింది. మోగుతున్నది.

అప్పుడే ట్రాక్టరు ఆగింది వాకిట్ల,
అసరెల్లి పని నుంచి వాపసొచ్చిన రేకులు.
లేచి పోయి లెక్కపెడుతున్న,
నలభై, నలభై ఒకటి,
వెనక నుంచి దాని గొంతు
మరాఠీల మొదలై తెలుగులకు జారింది:
"మీరు నన్ను ఎరుగరు సార్.
సెంట్రింగు అంకుబాయి మేనకోడల్ని."

లెక్క తప్పిన.
దించినయన్నీ పక్కకు పెట్టించి
మళ్ల ఒకటి నుంచి.