ఐటం నంబరు పద్నాలుగు

సభలో నా కుర్చీకి చేతుల్లేవు.
మేయరమ్మకు కుడిపక్కన, ఫ్యాను గాలి తగలని మూల
మినిట్స్ పుస్తకం తెరుచుకొని కూర్చుంటాను.
ఇరవై రెండేండ్లుగా ఈ కర్నూలు ఎంత మాట్లాడిందో
అంతా రెండు మాటల్లోకి కుదించినాను:
చర్చించడమైనది. ఆమోదించడమైనది.

పదమూడోది వీధి కుక్కలు. దానికి గంటన్నర పట్టింది.
పద్నాలుగు, ఇంటి పన్ను.
టీ వచ్చింది, సమోసాలు వచ్చినాయి,
ప్రతిపాదన రెండో పేజీలో నూనె మరక పడింది,
సరిగ్గా 'పెంపు' అన్న మాట మీద.

కమిషనరు చిన్న వయసువాడు, కాగితం చూడకుండా మాట్లాడతాడు.
ఏడాదికి పదిహేను శాతం మించదన్నాడు.
సుంకేసులలో నీళ్ళు అడుగంటిన మే నెలలో
ట్యాంకర్లకు డబ్బు యాడనుంచి తేవాల్నో చెప్పమన్నాడు.
అబద్ధం కాదు.
ఆ మే నెలలో నేను బిందె పట్టుకొని నిలబడిన వరుసే
ఆయన కారుకు అడ్డం తిరిగింది.
ఆ సంగతి ఆయన చెప్పుకోలేదు. నేనూ రాయలేదు.

మద్దిలేటన్న లేచినాడు.
పేదోని కొంప మీద చెయ్యేస్తే ఊరుకునేది లేదని బల్ల గుద్దినాడు.
గ్లాసులు ఎగిరినాయి. ఫోటోలవాళ్ళు ముందుకొచ్చినారు.
ఆయన మూడంతస్తుల మేడ
మా రికార్డులో ఇప్పటికీ రేకుల షెడ్డు.
నాకు తెలుసు. బిల్లు కలెక్టరుకు తెలుసు.
మాకు తెలుసని మద్దిలేటన్నకూ తెలుసు.
అందుకే బల్ల గుద్దేటప్పుడు నా దిక్కు చూడడు.

గ్యాలరీలో లెక్కల మాస్టరు వెంకోబరావు
అజెండా వెనక పెన్సిలుతో గీకుతున్నాడు:
పదిహేను మీద పదిహేను, దాని మీద ఇంకో పదిహేను.
"ఐదేండ్లకు రెట్టింపప్పా, చూడండి"
అని కాగితం పైకెత్తినాడు.
గ్యాలరీ మాట్లాడరాదు. జవాను వచ్చి కూర్చోబెట్టినాడు.

అప్పుడు ఖైరున్నిసా లేచింది.
మూడేండ్లలో ఆమె మైకు ముట్టడం ఇదే మొదలు.
రోజూ భర్త చీటీ రాసిస్తాడు,
ఈరోజు ఆయన పెండ్లికని ఆదోని పోయినాడు.

"మీవాళ్ళు వచ్చి మా వీధిలో ఇండ్లు కొలిచినారు సార్.
పొడుగు కొలిచినారు, వెడల్పు కొలిచినారు.
ఎత్తు కొలవలేదు.
కొలిచింటే గీత కనపడేది.
నా తలకన్నా జానెడు పైన, తుంగభద్ర వచ్చిపోయిన గీత.
ఎన్ని సున్నాలు కొట్టినా మళ్ళా పైకి తేల్తాది.
దాని కిందిదంతా నానిన గోడ, మేకు కొడితే నిలవదు.
నోటీసులో మార్కెట్ విలువ అని రాసినారే,
ఏ మార్కెట్లో సార్ అది అమ్ముడుపోయేది?
చెప్తే నేనే తీస్కపోతా."

ఎవరో నవ్వినారు. ఇంకెవరూ నవ్వలేదు.
కమిషనరు ఫైలు తిరగేసినాడు.
నేల, కప్పు, తలుపులు, మరుగుదొడ్డి, కట్టిన సంవత్సరం,
అన్నిటికీ గళ్ళున్నాయి.
నానినదానికి గడి లేదు.

చేతులెత్తమన్నారు.
మద్దిలేటన్న అప్పటికే వాకౌట్ చేసి
మెట్ల మీద టీవీవాళ్ళతో మాట్లాడుతున్నాడు.
ఆయన, ఆయనవాళ్ళు లేని సభలో లెక్క సులువైంది.
ఖైరున్నిసా చెయ్యి ఎత్తలేదు.
వ్యతిరేకమా, తటస్థమా అని మేయరమ్మ అడిగింది.
"నేనడిగినదానికి జవాబొస్తే చెప్తా"
అని కూర్చుంది. మైకు ఆపడం తెలీక
చాలాసేపు ఆమె ఊపిరి హాలంతా వినపడింది.

ఏడు గంటలు. సుంకులమ్మ కుర్చీల కింద ఊడుస్తోంది.
చర్చించడమైనది అని రాసి
ఆమోదించడమైనది రాయబోయి
మధ్యలో చిన్న అక్షరాలతో ఇరికించినాను:
సభ్యురాలు గోడ మీది గీత గురించి అడిగినారు.
జవాబు లేదు.

ఇట్లా రాయరాదు.
పొద్దున సూపరింటెండెంటు చూస్తాడు,
ఎర్ర ఇంకుతో అడ్డంగా గీత కొడతాడు.
కొట్టనీ.
గీత కింద ఉన్నదీ చదవొచ్చు.