ఏడు మంచుపెట్టెలు

సిరొంచలో విత్తనాల దుకాణం మీది గది.
కింద మిరప బస్తాలు దించుతుంటే
ఫ్యాను గాలికి కూడా కోర పట్టిన మధ్యాహ్నం
నేనొక ఫారం రాశాను.
ఊరు, మేకలెన్ని, ఫోను నంబరు,
అడుగున ఒక బటన్: టీకాలు పంపండి.

మాటలు తెలుగువి, అక్షరాలు మరాఠీవి.
పోసుబాయి నాలుగో తరగతి ఆ బడిలోనే చదివింది.
నోట్లో ఉన్న భాష ఆమె కంటికి తెలియదు.

నొక్కితే పేజీ కదలకూడదు, అదొక్కటే నా పట్టు.
తెర తెల్లబడి మళ్లీ మొదటినుంచి మొలిస్తే
రాసిందంతా ఏట్లో పోయిందని ఆమె హడలిపోతుంది.
అందుకని ఫారాన్ని మూటగట్టి
వెనక దోవన చప్పుడు కాకుండా పంపాను.
అది ప్రాణహిత దాటి చెన్నూరు గోదాముకు పోయి
జవాబు తెచ్చేదాకా
పొయ్యి మీద ఎసరు పెట్టి
వాకిట్లో చేట పట్టిన మనిషిలాగా
తెర తన పని తాను చేసుకుంటుంది.

అట్లా అనుకున్నాను.

పోసుబాయి నొక్కింది.
ఎర్ర అక్షరాలు.
నీ మూలం వేరు, కుదరదు.
"పారుడు రోగం బిడ్డా, పొద్దటికి రెండు పిల్లలు పోయినయ్.
ఇంకోపారి ఒత్తనా?"
ఒత్తమన్నాను.
ఒత్తింది. ఒత్తింది.
ఏడోసారికి బొటనవేలు కొంగుకు తుడుచుకుని
లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఫోను.
గోదాములో కంప్యూటరు చూసుకునే ఓదెలు.
"ఏందక్కా, నలభై మేకలకు ఏడు పెట్టెలా?
బండి ఎక్కించిన. వంతెన మీదున్నది."

అప్పుడు కూచుని చూశాను.
మూట పోయిన ప్రతిసారీ చేరింది.
అవతల విప్పారు, లెక్క రాసుకున్నారు, సరే అన్నారు.
ఆ సరే ఏడుసార్లు నది దాటి
మా గుమ్మం దాకా వచ్చింది.
గుమ్మంలో ఆపింది ఆ ఒడ్డువాళ్లు కాదు,
నా బ్రౌజరే, నా మేలు కోరే కాపలావాడే.
పోయేదాన్ని ఆపలేదు వాడు.
వచ్చిన మాటను నా చెవిన పడనివ్వలేదు.

మీ జవాబు నెత్తిన మా పేరు రాసి పంపమన్నాను.
"చుక్క గుర్తు పెడ్తగదా, ఎవలన్న రావచ్చు."
వద్దు ఓదెలూ.
చుక్క పెడితే లోకమంతా వస్తుంది గానీ
పోసుబాయి గుర్తింపు చీటీని వెంట రానివ్వరు.
అందరికీ తెరిచిన ఆ తలుపులో
ఎవరూ ఫలానా అని చెప్పుకోలేరు.
మా పేరే రాయి.

అక్షరం అక్షరం చెప్పాను.
అలవాటుకొద్దీ చివర ఒక ఏటవాలు గీత గీశాడు.
మళ్లీ ఎరుపు.
ఆ గీత ఉంటే అది మేం కాదట.

నవ్వొచ్చింది నాకు.
ఈ ఒడ్డు కాగితంలో నేను సులోచన గట్టువార్.
ఆ ఒడ్డున మేనమామ వాకిట్లో
గట్టోళ్ల పిల్ల.
వార్ అనే తోక ఉంటే అక్కడ కాను,
ఊడితే ఇక్కడ కాను.
మా తాతకు ఆ తోక తగిలించిన గుమాస్తా కూడా
అలవాటుకొద్దీ గీసి ఉంటాడు.

ఓదెలు గీత తుడిచేశాడు.

పెట్టెలు మధ్యాహ్నం దిగాయి.
ఒకటి పోసుబాయికి.
మంచు ఆగదు కదా,
మిగతావి కాంపౌండరు స్కూటరు మీద
నా ఫారంలో పేరే లేని పల్లెలకు పట్టుకుపోయాడు.
రెండు కరిగిపోయాయి.
వాటి ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలో
ఇప్పటికీ తేలలేదు.

సాయంత్రం పోసుబాయి వచ్చి
కొత్త మేకల లెక్క రాసి నొక్కింది.
పేజీ కదల్లేదు. చిన్న చక్రం తిరిగి ఆగింది.
అందింది, అని పచ్చగా వచ్చిన మాటను
వేలు పెట్టి కూడబలుక్కుంది.

"నిన్న గూడ అందిందన్నవ్ గదా?"

అందింది పెద్దమ్మా.
మనకు చెప్పనియ్యలేదంతే.