లాభం, రెండు, మూడు

రాత్రి పదకొండుంబావు. ప్రెస్టన్‌లో వాన.
హెలికాప్టర్ దింపి వెళ్ళిన మనిషి పేరు
ఎడ్విన్ థ్వైట్, అరవై ఏడేళ్ళు, గొర్రెల కాపరి.
కొండవాలున నాలుగు చక్రాల బండి తిరగబడితే
కుడి చీలమండ పగిలి
ఎముక బయటికొచ్చి వాన చూసింది.

నడుం కింద మత్తు, పైన మెలకువ.
తెరకు అటు ఆయన, ఇటు ఆయన కాలు.
ప్రస్తుతానికి ఇద్దరికీ పరిచయం లేదు.
"కుక్క ఇల్లు చేరిందా?" అంటాడు.
ఎవరికీ తెలీదు.

ముందు కడగాలి.
పలకలూ మరలూ, ఎక్స్‌రేలో అందంగా కనబడేవన్నీ తర్వాత.
సెలైన్ సంచి ఖాళీ అయినప్పుడల్లా నా నోరు
దానంతటదే లెక్కపెడుతుంది:
లాభం, రెండు...
"అదేం భాష?"
కుంచంతో ధాన్యం కొలిచేవాళ్ళు ఒకటి అనరని చెప్పాను,
లాభం అంటారని.
తెర వెనక నవ్వు.
వాళ్ళ తాత గొర్రెల్ని
యాన్, టాన్, టెథెరా అని లెక్కపెట్టేవాడట,
ఇరవై కాగానే ఒక గులకరాయి జేబులో వేసుకుని
మళ్ళీ యాన్.

నాచు. ఇసుక. ఉన్నిపోగు.
ఒక గొర్రె పెంటిక, చెక్కుచెదరకుండా.
బియ్యం మూడో నీళ్ళకు తేటపడతాయి,
ఈ కాలు మూడో సంచికి ఇంకా కొండనే కక్కుతోంది.

కండను పటకారుతో గిల్లుతాను.
ఉలిక్కిపడితే ఉంచుతాను,
ఊరుకుంటే కత్తెర.
తొడ పట్టీ వదులు చేయించి ఎదురుచూస్తాను:
నెత్తురు చూస్తే జనానికి భయం,
రాకపోతే నాకు.
వచ్చింది. అంచు వెంబడి, చిన్న చిన్న చుక్కలుగా.
బొటనగోరంత ఎముక ముక్క ఒకటి,
మెల్లగా లాగి చూడాలి, ఊగే పాలపన్నును చూసినట్టు.
పట్టుకుని ఉంటే ఆయనది.
చేతికొచ్చేసింది.
గిన్నెలో అది పడ్డ చప్పుడుకు
తెర వెనక మాట ఆగింది.

సొరపాదుకు పందిరి వేసినట్టు
జంఘలో రెండు ఊచలు, మడమలో అడ్డంగా ఒకటి,
బయట కడ్డీలు, బిగింపులు.
గాయాన్ని మూయలేదు.
ఎల్లుండి ఇంకో డాక్టరు వచ్చి
తొడ నుంచి ఇంత కండ, ఇంత చర్మం
అరువు తెచ్చి కప్పాలి.
అతుకుతుందా అని అడిగాడు.
"ఇవాళ్టికి శుభ్రంగా ఉంది" అన్నాను.
అది జవాబు కాదని ఆయనకూ తెలుసు,
పురిట్లో చచ్చే గొర్రెపిల్లల్ని చూసినవాడు.

రోవెనా గాజుగుడ్డలు లెక్కపెడుతోంది, గట్టిగా,
తన వేళ్ళను తనే నమ్మనట్టు.
ముప్పై. సరిపోయాయి.

మంచం లిఫ్టు దాకా వెళ్ళింది.
తలుపులు మూసుకునేలోపు ఆయన గొంతు,
మత్తులోనో సరదాకో:
"లేబమ్, టాన్, టెథెరా..."

గ్లవ్స్ విప్పాను. వేళ్ళు ముడతలు పడ్డాయి.
ఒంటిగంట దాటింది.
కుక్క సంగతి ఇంకా తెలియలేదు.