గురిగింజెత్తు

లూయిస్‌టౌన్‌లో అక్టోబరు చివర తొలి మంచు పడితే
హార్లన్ టీగ్ గరాజ్‌లో దీపం వెలుగుతుంది.
ఆస్పత్రిలో మందుల కౌంటర్ మూసి
కోటు మీద మంచు దులుపుకుంటూ వెళ్తాను.
అతని చేతులు వణుకుతాయి. నావి ఇంకా వణకవు.
అదే మా ఒప్పందం.

"మందు నువ్వు తూచు" అంటాడు.
పగలంతా తూచిందీ మందే,
ఇప్పుడు తూచబోయేదీ మందే.
మా భాషలో రెంటికీ ఒకటే మాటని చెబితే
కాసేపు ఆలోచించి
"మీవాళ్ళు జాగ్రత్తపరులు" అన్నాడు.

కాలిన ఇత్తడి గొట్టాలు బెంచీ మీద
నోళ్ళు తెరుచుకుని, మేతకు చూసే పిచ్చుక పిల్లల్లా.
ఒక్కొక్కదాని మెడ తడుముతాడు.
పొడుగైతే కోస్తాడు. అడుగున మసి గీకుతాడు.
ఆరుసార్లు కాలినదానికి వెంట్రుకంత చీలిక.
నాకు కనబడదు, అతని బొటనవేలికి తెలుస్తుంది.
డబ్బాలో పడేస్తే
దాని చప్పుడు కూడా వేరే.

త్రాసు పళ్ళెం గోరంత.
చెంచాను చూపుడువేలితో తడుతూ
పలుకు తరవాత పలుకు రాలుస్తాను.
ముల్లు లేస్తుంది, తడబడుతుంది, గీత మీద నిలుస్తుంది.
ఊపిరి తగిలినా ఒప్పుకోదు.
నరసాపురంలో మా మేనమామ మౌనాచారి
పుస్తెల బంగారం గురిగింజలతో తూచేవాడు,
తూకం అయ్యేదాకా ఫ్యాను తిరగనిచ్చేవాడు కాదు.
ఎర్రటి గింజ, అడుగున నల్లటి మచ్చ.
ఆ పేరులో గురి ఎందుకుందో
అప్పుడు అడగలేదు.

పదకొండేళ్ళ నోటుబుక్కు అతనిది.
తారీకు, చలి, గాలి, ఎడమకి అర అంగుళం.
ఒక పేజీలో
"ఈ వారం కాల్చలేదు. వెర్నా."
అంతే. తరవాతి పేజీలో మళ్ళీ గాలి.

ఇసక సంచుల మీద తుపాకి ఆనిస్తే
చేతి వణుకు ఇసకలోకి దిగిపోతుంది.
నాలుగు తూటాలకు ఒకటే చిల్లు.
ఐదోది బయట. ప్రతిసారీ ఐదోదే.
మందు మార్చాడు.
బుల్లెట్‌ని కాగితం మందాన దించాడు, మళ్ళీ పైకి తీశాడు.
బారెల్ కడిగాడు. గాలిని తిట్టాడు.
ఇత్తడి పోసిన కంపెనీని తిట్టాడు.
ఒకసారి, మర్యాదగానే,
నా తూకాన్నీ అనుమానించాడు.

గుచ్చుకుంది.
ఆ రాత్రి ఇరవై తూకాలూ మళ్ళీ తూచాను. తేడా లేదు.
అప్పుడు ఒక తూటా చేశాను,
మందు లేకుండా, ప్రైమర్ లేకుండా,
చూడ్డానికి మిగతావాటికి తోడబుట్టిందే.

శనివారం రేంజ్‌లో అందించేది నేను.
నాలుగు పేలాయి. ఒకటే చిల్లు.
ఐదోది క్లిక్‌మంది.
పేలని తూటాకి
తుపాకి ముక్కు మడిలో కొంగలా కిందికి వంగింది.
భుజం ముందుకు తోసింది. కన్ను ముందే మూసుకుంది.
ఇక వినడానికి గాలి తప్ప ఏమీ లేదు.

గురిగింజ తన నలుపెరగదని
నోటిదాకా వచ్చింది, మింగాను.
అతని చెంప ఇంకా తుపాకి కర్ర మీదే ఉంది.
నా తూకాన్ని అన్నాడనేగా
నేనీ పని చేసింది,
అతని గురి కోసం కాదు.

చాలాసేపటికి లేచాడు.
"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"
"ఒకటే."
"రేపు పది చెయ్యి. అన్నిట్లో కలిపెయ్యి.
ఏది ఏదో నాకు చెప్పకు."

నోటుబుక్కు నా చేతికిచ్చాడు. చెబుతుంటే రాశాను.
పడమటి గాలి. చలి. మందు బాగుంది.
కింద రెండు గీతలు
ఖాళీగా ఉంచమన్నాడు.

వంగి ఇత్తడి ఏరుకున్నాను.
నాలుగు ఇంకా వెచ్చగా ఉన్నాయి.
ఐదోది చల్లగా,
బరువుగా.