తొంభై రెండు గ్రాములు

హన్మకొండల రాత్రి ఒంటిగంటన్నర.
ఎవరో షట్టర్ కొడుతున్నరు.
బర్రె ఈనలేక తన్నుకుంటున్నదేమో అనుకొని
భుజం దాక వచ్చే గ్లౌజు తొడుక్కొనే కిందికి దిగిన.

గుమ్మంల ఓదెలు.
కాజీపేట చౌరస్తా చికెన్ సెంటర్ ఓదెలు.
చేతుల గుడ్ల అట్టపెట్టె,
దాంట్ల పాత బనీను,
బనీనుల కెళ్లి ఒక పసుపుపచ్చ జుట్టు.

"బాద్షాకు పానం బాగలేదు డాక్టరమ్మా.
పొద్దటిసంది పంజరం అడుగునే కూసున్నది.
ఊపిరి తీసినప్పుడల్ల తోక కొట్టుకుంటున్నది."

ఇంజనీరింగ్ పోరడొకడు హాస్టల్ ఖాళీ చేసుకుంట
నాలుగు నెలల కోడికూర బాకీ కింద
ఈ కాకటీల్‌ను పంజరంతో సహా ఇచ్చిపోయిండట.
మగపిట్ట అని గూడ చెప్పిపోయిండట.
పొట్ట కింద వేలికొస ఆనిచ్చి చూసిన.
బాద్షా గుడ్డు మీదున్నడు.
గుడ్డు దారిల ఇరికింది.

నేను బర్ల డాక్టర్ను.
అడ్డం తిరిగిన దూడకాలు చీకట్ల తడిమి
సక్కజేసి గుంజుడు నాకు తెలుసు.
మడికొండల, ధర్మసాగరంల
నా మొఖం గుర్తులేనోళ్లకు గూడ ఈ కుడిచెయ్యి గుర్తు.
ఈ పిట్టకు చిటికెనవేలే ఎక్కువ.

కాలేజీల దీని గురించి సగం పేజీ.
ఆ దినం నేను పోలేదనుకుంట.
హైదరాబాద్ల పిట్టల డాక్టరున్నడు, మా సీనియర్.
మూడోసారికి ఎత్తిండు, నిద్రగొంతుతోటే:
వెచ్చగ పెట్టు. ఆవిరి పట్టు. కాల్షియం ఇయ్యి,
బరువు చూసి ఇయ్యి, అందాజగ ఇస్తే సస్తది.
గుడ్డును నొక్కకు. లోపల పగిలిందో, ఇగ అంతే.

బరువు.
నా దగ్గరున్న కాంటా మేకను తూస్తది.
ఓదెలు కాంటా కిలోలల్ల మాట్లాడ్తది,
అదీ మెడ తెగినంక.

పక్కింటి ఔసుల వీరభద్రాచారిని లేపినం.
తిట్టుకుంటనే బంగారం కాంటా తెచ్చిండు.
అద్దాల తలుపు జరిపి, దూది పరిచి,
పుస్తెలు పెట్టేకాడ పిట్టను పెట్టిండు.
అంకెలు నిలబడేదాక ముగ్గురం కదలలే.
తొంభై రెండు గ్రాములు.
"తరుగెంత తియ్యాలె?" అన్నడు అలవాటుకొద్ది.
ఎవ్వరం నవ్వలే.
కొంచెం ఆగి, ముగ్గురం నవ్వినం.

షుగర్ పేషెంట్ల సన్నసూది.
ఒక్క బొట్టుకు కొంచెం ఎక్కువ మందు.
రొమ్ము ఎముక పక్కన ఈకలు ఊది
ఎర్రటి చర్మం దొరికిచ్చుకొని గుచ్చిన.
చెయ్యి వణికింది. ఓదెలు చూడనట్టు చేసిండు.

టేబుల్ లైటు కింద అట్టపెట్టె,
పక్కన ఉడుకునీళ్ల గిన్నె, పైన తువ్వాల.
రెండు చేతులతోటి పెట్టెను పట్టుకొని కూసున్నడు.
గోర్ల సందుల ఎంత కడిగినా పోని ఎరుపు.
"ఆదివారం రెండువందలు కోస్త నేను"
అన్నడు, నన్ను అడిగినట్టు గాదు.
ఏమంటం.
గిన్నెల నీళ్లు మార్చిన.

నాలుగున్నరకు, దూరంగ కాజీపేట్ల
ఏదో రైలు కూతేస్తుంటే
తువ్వాల కింద కదిలింది.
గుడ్డు. తోలులెక్క మెత్తగ, ఒక దిక్కు సొట్ట.
ఆచారి అడగకముందే దాన్ని గూడ తూసిండు.
ఐదు గ్రాములు.
పిట్ట మమ్ములను చూడలే,
లైటునే చూసుకుంట పన్నది.

ఫీజెంత అంటే చెప్పలేకపోయిన.
బర్రెకైతే రేటున్నది.
"వట్టి గింజలు పెడితే ఎముకలు గుల్లయితయ్.
గుడ్డుపెంకు ఉడికిచ్చి, నూరి పెట్టు" అన్న.
"పెంకా" అన్నడు ఓదెలు,
జిందగీల మొదటిసారి ఆ మాట విన్నట్టు.

పది దాటినంక, ధర్మసాగరం పోతు
చౌరస్తాల బండి నిదానం చేసిన.
ఆదివారం. లైను రోడ్డు దాక ఉన్నది.
కత్తి ఆడుతున్నది.
మొద్దు వెనక, ఎన్నడు లేంది,
నీలం టార్పాలిన్ ఒకటి అడ్డం కట్టిండు.
దాని వెనకకెళ్లి సన్నగ ఒక కూత.
జాలీల కోళ్లు ఒక్కసారే తలకాయలెత్తినయ్.
ఓదెలు చెయ్యి ఆగింది,
ముందటి మనిషి "అర కిలో" అని మళ్ల చెప్పేదాక.